మామిడి టెంకలు, వేరుశనగ పొట్టుతో ఇథనాల్ ప్లాంటు పెట్టొచ్చా?

అడిగిన ప్రశ్న, కుదించి: "మాది పూతలపట్టు దగ్గర పల్లె. ముగ్గురం బీటెక్ చదివాం. మా చుట్టూ మామిడి, చెరకు, వేరుశనగ పండుతాయి. పంట వ్యర్థాల నుంచి, అడవిలోని ఎండుకట్టె, ఆకు నుంచి పెట్రోలుకు బదులు ఇంధనం తీసే పరిశోధన దేశమంతా జరుగుతోందని, కేంద్రం కోట్లు ఇస్తోందని విన్నాం. మేం చిన్న ఇథనాల్ ప్లాంటు పెట్టొచ్చా? సబ్సిడీ వస్తుందా? సూపర్ నేపియర్ గడ్డి వేస్తే మొత్తం మేమే కొంటామని కొందరు ఊళ్లలో తిరుగుతున్నారు, నమ్మొచ్చా? లేకపోతే మాలో ఒకడు ఎంటెక్ చేసి రీసెర్చ్ వైపు వెళ్లడం మేలా?"

తమ్ముడూ, ముందు సూటిగా చెప్పేస్తాను. చిన్న ఇథనాల్ ప్లాంటు ఆలోచన మానుకోండి. మీ దగ్గరున్న సరుకు పనికిరాక కాదు. దాన్ని పోగుచేసి, ఆరబెట్టి, మట్టి లేకుండా, ఏడాది పొడవునా ఒకే రకంగా బాయిలర్ గుమ్మం దాకా చేర్చే పని మన ప్రాంతంలో సరిగ్గా చేసేవాళ్లు తక్కువ. మీ ముగ్గురికీ బతుకుదెరువు అక్కడుంది. చెబితే ఆశ్చర్యపోతారు, ప్రపంచంలో పెద్ద పెద్ద పరిశోధనలు కూడా తిరిగి తిరిగి ఆ సమస్య దగ్గరకే వచ్చాయి.

నేను చిత్తూరు చుట్టుపక్కల మామిడి పల్ప్ ఫ్యాక్టరీల్లో బాయిలర్ సెక్షన్ చూశాను. కట్టె, పొట్టు, బ్రికెట్లు (పొట్టును గట్టిగా ఒత్తి చేసిన ఇంధన దిమ్మలు) కొనే పని కూడా చాలా సీజన్లు నా నెత్తినే ఉండేది. కాబట్టి నా మాటల్లో శాస్త్రం కంటే వేబ్రిడ్జి లెక్కలే ఎక్కువ కనిపిస్తాయి. అయినా శాస్త్రం కొంచెం చెప్పక తప్పదు. అది తెలియకపోతే చిన్న ప్లాంటు ఎందుకు కుదరదో అర్థం కాదు.

గడ్డి, కట్టె, పొట్టు ఏదైనా సరే, అందులో ముఖ్యంగా మూడు ఉంటాయి. సెల్యులోజ్, హెమీసెల్యులోజ్ అనేవి చక్కెరలు గొలుసులుగా అల్లుకున్నవి. మూడోది లిగ్నిన్, ఈ రెంటినీ పట్టుకుని ఉండే బంక. చెరకు రసంలోనో బెల్లంలోనో చక్కెర తయారుగా ఉంటుంది, ఈస్ట్ తగిలితే చాలు ఆల్కహాల్, అంటే ఇథనాల్ అవుతుంది. నల్లబెల్లం లోడు కనిపిస్తే ఎక్సైజు వాళ్లు ఎందుకు ఆపేవాళ్లో మన జిల్లా వాళ్లకు ఒకరు చెప్పాలా! గడ్డి విషయం అలా కాదు. ముందు దాన్ని ఆమ్లంతోనో, అధిక పీడనంలో ఆవిరితోనో ఉడికించి ఆ బంకను వదలగొట్టాలి. తర్వాత ఎంజైములు వేసి గొలుసులను తెంపాలి. అప్పుడు ఈస్ట్. ఇందులోనూ చిక్కుంది. హెమీసెల్యులోజ్ నుంచి ఎక్కువగా వచ్చే జైలోజ్ అనే చక్కెరను మామూలు ఈస్ట్ ముట్టదు, దానికి ప్రత్యేకంగా తయారు చేసిన రకం కావాలి. ఎక్కువసేపు ఉడికిస్తే ఫర్‌ఫ్యూరాల్ లాంటి రసాయనాలు పుట్టి ఈస్ట్ పనిని దెబ్బతీస్తాయి, తక్కువ ఉడికిస్తే ఎంజైము లోపలికి పోదు. ఎంజైముల ఖర్చు సరేసరి.

మన దేశంలో ఈ పని చేస్తున్నవాళ్లు చిన్నవాళ్లేం కాదు. ముంబైలోని రసాయన సాంకేతిక సంస్థ ఐసీటీలో కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2008లో ఒక ప్రత్యేక కేంద్రం పెట్టింది. వాళ్ల పద్ధతితోనే 2016లో ఉత్తరాఖండ్‌లోని కాశీపూర్‌లో రోజుకు 10 టన్నుల బయోమాస్ (గడ్డి, కట్టె, పొట్టు లాంటి సరుకు) తీసుకునే ప్రదర్శన ప్లాంటు వచ్చింది. ఫరీదాబాద్‌లో ఇండియన్ ఆయిల్‌తో కలిసి ఇంకో కేంద్రం, ఢిల్లీలో ఇంకొకటి ఉన్నాయి. డెహ్రాడూన్‌లోని పెట్రోలియం పరిశోధన సంస్థ ఐఐపీ వాళ్లు జట్రోఫా (అడవి ఆముదం) నూనె నుంచి విమాన ఇంధనం చేశారు. 2018 ఆగస్టు 27న డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి ఎగిరిన స్పైస్‌జెట్ విమానం ఒక ఇంజన్‌లో ఆ ఇంధనాన్ని 25 శాతం కలిపారు. బెంగళూరు ఐఐఎస్‌సీ వాళ్లు కట్టెను గ్యాస్‌గా మార్చే గ్యాసిఫయర్ల మీద 1980ల నుంచీ పనిచేస్తున్నారు. ఈ మధ్య అదే దారిలో, కిలో బయోమాస్ నుంచి దాదాపు 100 గ్రాముల హైడ్రోజన్ తీసి చూపించారు. బయోమాస్‌లో అంత హైడ్రోజన్ ఉండదు, మిగతాది వాళ్లు పంపే నీటి ఆవిరి నుంచి వస్తుంది. అంటే తెలివికీ, పరికరాలకూ కొదవ లేదు.

మరి ఇన్ని ఉండగా మనం బంకులో పోయించుకునే పెట్రోల్‌లో కలిసే ఇథనాల్ ఎక్కడిది? అందులో అత్యధిక భాగం చెరకు, మొక్కజొన్న, బియ్యం నుంచి వచ్చిందే. 2018 జాతీయ జీవ ఇంధన విధానం 2030 నాటికి 20 శాతం కలపాలని లక్ష్యం పెట్టింది. 2022లో దాన్ని 2025-26కు ముందుకు జరిపారు, 2025లోనే ఆ 20 శాతాన్ని అందుకున్నారు. గడ్డి నుంచి వచ్చిన వాటా అందులో చిటికెడు.

గడ్డి ప్లాంట్లలో అందరూ చెప్పుకునేది పానిపట్టుది. ఇండియన్ ఆయిల్ 900 కోట్లకు పైగా పెట్టి కట్టింది, 2022 ఆగస్టు 10న ప్రారంభించారు. ఏడాదికి 2 లక్షల టన్నుల వరిగడ్డి నుంచి 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీయాలన్నది దాని లెక్క. భాగించి చూడండి, టన్ను గడ్డికి 150 లీటర్లు. లీటరు ఇథనాల్‌లో 21 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది, టన్ను ఎండు గడ్డిలో 14, 15 వేల మెగాజౌళ్లు. అంటే గడ్డిలో ఉన్న శక్తిలో అయిదో వంతు మాత్రమే సీసాలోకి దిగుతోంది. మిగతాది లిగ్నిన్‌గా, వ్యర్థంగా బయటికి వస్తే అదే ప్లాంటు బాయిలర్‌లో కాల్చుకోవాలి. కారుకు ద్రవ ఇంధనమే కావాలి కాబట్టి దేశం ఆ నష్టాన్ని భరించడంలో అర్థముంది. మీరు భరించడంలో ఏ అర్థమూ లేదు. మీ ఊరికి పది, ఇరవై కిలోమీటర్లలో ఉన్న పల్ప్ ఫ్యాక్టరీకి కావాల్సింది ఉత్త వేడి. బాగా ఎండిన వేరుశనగ పొట్టు కిలోకు 4,000 కిలోకేలరీల దరిదాపుల్లో ఇస్తుంది, వంటగ్యాస్ కిలోకు 11,000 ఇస్తుంది. సుమారు మూడు కిలోల పొట్టు ఒక కిలో గ్యాస్ పని చేస్తుందనుకోండి. బాయిలర్‌లో కొంత పోయినా సరే, దాన్ని ఉడికించి, పులియబెట్టి, వడకట్టి అయిదో వంతు తీసుకోవడం కంటే ఇది ఎంతో నయం.

కేంద్రం ఇచ్చే డబ్బు సంగతి అడిగారు. ఈ రకం ఇథనాల్ కోసమే 2019లో ప్రధానమంత్రి జీ-వన్ యోజన పెట్టారు, 1,969.5 కోట్లు. 2024లో దాన్ని 2028-29 దాకా పొడిగించారు. వాణిజ్య ప్లాంటుకు గరిష్ఠంగా 150 కోట్లు, ప్రదర్శన ప్లాంటుకు 15 కోట్లు. అది ఆయిల్ కంపెనీల స్థాయి పథకం. ముగ్గురు బీటెక్ కుర్రాళ్లు ఆ క్యూలో నిలబడి ప్రయోజనం లేదు.

అమెరికా కథ కూడా వినండి. వాళ్లు 2000లోనే బయోమాస్ పరిశోధనకు ప్రత్యేక చట్టం చేశారు. 2005లో వాళ్ల ఇంధన, వ్యవసాయ శాఖలు కలిసి, పొలాల నుంచి, అడవుల నుంచి ఏడాదికి వంద కోట్ల టన్నులకు పైగా బయోమాస్ దొరుకుతుందని లెక్క వేశాయి. ఆ లెక్కను తర్వాత 2011లో, 2016లో, 2024లో మళ్లీ మళ్లీ సరిచూశారు కూడా. దాన్ని నమ్మి పెద్ద కంపెనీలు మొక్కజొన్న దంటుతో ఇథనాల్ ప్లాంట్లు కట్టాయి. కాన్సాస్ రాష్ట్రం హ్యూగోటన్‌లో అబెంగోవా కట్టింది, 2016లో దివాలా కేసులో పడింది. అయోవాలో డ్యూపాంట్ కట్టింది, 2017లో అమ్మకానికి పెట్టింది. మిసిసిపీలో పైన్ కట్టె చెక్కుల నుంచి ముడిచమురు లాంటిది తీస్తామన్న కియోర్ 2014లోనే దివాలా తీసింది. ఒక్కోదానికి ఒక్కో కారణం ఉంది. పెట్రోలు ధర పడిపోవడం, యాజమాన్యాల చేతులు మారడం అన్నీ ఉన్నాయి. కానీ దంటుతో నడిచే ప్లాంట్ల ఇంజనీర్లను బాగా ఏడిపించింది రసాయనం కాదు. దంటు చుట్టల్లో వచ్చే మట్టి, రాళ్లు, తేమ. ఒక లోడు పొడిగా, మరో లోడు తడిగా వచ్చేసరికి సరుకును లోపలికి నెట్టే కన్వేయర్లు, స్క్రూ ఫీడర్లు బిగుసుకుపోయేవి, కోసే బ్లేడ్లు అరిగిపోయేవి. చివరికి అమెరికా ఇంధన శాఖ తన జాతీయ ప్రయోగశాలలు కొన్నిటిని కలిపి, సరుకును యంత్రంలోకి సాఫీగా ఎలా పంపాలి అన్నదానికే ఒక ప్రత్యేక బృందం పెట్టాల్సి వచ్చింది. అది చదివినప్పుడు నాకైతే నవ్వొచ్చింది. మన చిత్తూరు ఫైర్‌మేన్‌ను అడిగినా ఆ ముక్కే చెప్పేవాడు.

ఎందుకంటే వాడికి రోజూ కనబడేది అదే. వేరుశనగ పొట్టు లోడు గేటులోకి వచ్చిందనుకోండి. పైన చూస్తే పెళపెళలాడుతూ ఉంటుంది. లోడు మధ్యలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి పిడికెడు తీస్తే లోపల వెచ్చగా, చెమ్మగా తగులుతుంది, పులిసిన వాసన కూడా వస్తుంది. అది గోడౌన్‌లో తడిసిన సరుకు కావచ్చు, బయలుదేరే ముందు బరువు కోసం నీళ్లు కొట్టింది కావచ్చు. రెండోది నేను చాలాసార్లే చూశాను. తర్వాత మట్టి. ఒక బకెట్ నీళ్లలో రెండు గుప్పిళ్ల పొట్టు వేసి చేత్తో కలపండి. పొట్టు తేలుతుంది, అడుక్కి ఎర్రమట్టి, సన్నరాళ్లు దిగుతాయి. ల్యాబ్ రిపోర్టు రావడానికి రోజులు పడుతుంది, ఈ బకెట్ పరీక్షకు రెండు నిమిషాలు చాలు. శుభ్రమైన పొట్టులో బూడిద తక్కువే. కల్లంలో ఊడ్చి ఎత్తిన పొట్టులో మట్టి కలిసి అది రెండింతలు, మూడింతలు అవుతుంది. ఆ మట్టి, పొట్టులోని పొటాషియం కలిసి మంటలో కరిగి, గ్రేట్ (మంట కింద ఉండే ఇనుప జాలీ) కడ్డీల మధ్య నల్లటి గాజు ముద్దలుగా గట్టిపడతాయి. క్లింకర్ అంటాం. అది పట్టుకుంటే గాలి ఆడదు, మంట ఒక పక్కే మండుతుంది, స్టీమ్ ప్రెషర్ పడిపోతుంది. స్టెరిలైజర్‌లో వేడి తగ్గితే ఆ పల్ప్‌ను మళ్లీ వెనక్కి తిప్పాలి. జూన్, జూలైల్లో గేటు బయట తోతాపురి మామిడి ట్రాక్టర్లు రోడ్డు పొడవునా నిలబడి ఉంటే, లోపల బాయిలర్ ఆపి కడ్డీలు గడ్డపారతో కొడుతుంటే, ఆ టెన్షన్ ఎలా ఉంటుందో చెప్పలేను. అలాంటి ఫ్యాక్టరీ కాస్త ఎక్కువ ధర ఇచ్చైనా నమ్మకమైన సరుకు కొంటుంది. మీరు అమ్మాల్సింది ఆ నమ్మకాన్నే.

తేమ లెక్క కూడా ఒకసారి వేసుకోండి. 10 టన్నుల లోడులో 30 శాతం తేమ ఉంటే మీరు 3 టన్నుల నీళ్లకు డబ్బు కట్టినట్టు. కిలో నీటిని ఆవిరి చేసి పొగగొట్టం దాటించడానికి 600 కిలోకేలరీల దాకా పోతుంది. అంటే ఆ నీళ్లను తరమడానికే మరో నాలుగున్నర క్వింటాళ్ల ఎండు పొట్టు కాలిపోవాలి.

ఇప్పుడు మన జిల్లాల సరుకు సంగతికి వద్దాం. పంట వ్యర్థాలు దేశంలో ఏడాదికి 75 కోట్ల టన్నులని, అందులో 23 కోట్ల టన్నులు మిగులు అని కేంద్ర ప్రభుత్వ అంచనా. ఆ మిగులు అనే మాట పంజాబ్‌కు ఒకలా, చిత్తూరుకు ఒకలా ఉంటుంది. పంజాబ్, హర్యానాల్లో హార్వెస్టర్‌తో వరి కోసి, మూడు వారాల్లో గోధుమ వేయాలి. గడ్డి అడ్డం, కాల్చేస్తారు. పానిపట్టు ప్లాంటు అక్కడ పుట్టడానికి కారణం అదే. మన దగ్గర గడ్డి కాల్చే రైతును చూపించండి! పాడి మీద బతికే ప్రాంతం. వరిగడ్డి వామి వేసి దాచుకుంటాం, వేరుశనగ కట్టె పశువులకు వరిగడ్డి కంటే ఇష్టం. కరువు ఏడాదిలో ట్రాక్టర్ గడ్డి ఏ ధర పలుకుతుందో మీ ఇంట్లో అడగండి. ఆవుతో పోటీపడి ఏ ఇంధన ప్లాంటూ గడ్డి కొనలేదు, కొనకూడదు కూడా.

చెరకు పిప్పి కూడా మిగులు కాదు. బెల్లం పెనం కింద మండేది అదే. కొన్ని గానుగల దగ్గర పిప్పి చాలక కట్టె కూడా వేస్తారు. పొయ్యి కట్టడం బాగుంటే, గాలి సరిగ్గా ఆడితే పిప్పి మిగులుతుంది. ఆ మేరకు మాత్రమే మీకు దొరుకుతుంది. చెరకు ఆకు, చెత్త మాత్రం చాలామంది తోటలోనే కాలుస్తున్నారు. దాన్ని కార్శి తోటలో (కోసిన మోడు నుంచి మళ్లీ పెరిగే చెరకులో) సాళ్ల మధ్య పరిస్తే తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది. బోరు నీళ్లతో చెరకు పండించే చోట అది ఇంధనం కంటే విలువైనది. మొత్తం ఎత్తుకుపోతామని రైతును అడగొద్దు, సగం వదిలేయండి.

నిజంగా మిగులు అని నేను అనేవి మూడు, నాలుగు ఉన్నాయి. కాయ ఒలిచే మిల్లుల దగ్గర వేరుశనగ పొట్టు. కోత తర్వాత మామిడి తోటల్లో కత్తిరించే కొమ్మలు, ముసలి తోటలు కొట్టేసినప్పుడు వచ్చే కట్టె. చెరువుల్లో, బీళ్లలో పెరిగిన సర్కారు తుమ్మ కంప. పల్ప్ ఫ్యాక్టరీల టెంకలు, తొక్కలు. చివరిదాని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే వేరే చోట్ల లేనంతగా అది మనకుంది.

ఫ్యాక్టరీకి వచ్చే పండు బరువులో మూడో వంతుకు తగ్గకుండా తొక్క, టెంక రూపంలో బయటికి వస్తుంది. తొక్కలో నీళ్లే ఎక్కువ, చక్కెర ఉంటుంది, పులుపు ఉంటుంది. రెండు రోజులు కుప్ప పోస్తే ఈగలు, కారే నీళ్లు, వాసన. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు గొడవకు వస్తారు, అదీ న్యాయమే. ఈ తొక్కను ఆరబెట్టి కాల్చాలనుకోవడం దండగ, దానికి సరైన దారి బయోగ్యాస్. అయితే తొక్క ఒక్కటే ట్యాంకులో వేస్తే త్వరగా పుల్లబడి, గ్యాస్‌లో మండే మీథేన్‌ను చేసే సూక్ష్మజీవులు దెబ్బతింటాయి. పేడ కలపాలి, కొద్దికొద్దిగా వేయాలి, పీహెచ్ (పులుపు స్థాయి) రోజూ చూడాలి. ఈ విషయంలో హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ పని చూసి రండి. వాళ్ల సాంకేతికతతో బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో రోజుకు 10 టన్నుల వ్యర్థాల నుంచి సుమారు 500 యూనిట్ల కరెంటు, వంటకు 30 కిలోల గ్యాస్ తీస్తున్నారు. 2021 జనవరిలో ప్రధాని రేడియోలో కూడా దాని గురించి చెప్పారు. తిరుపతిలో కూడా నగరపాలక సంస్థ తూకివాకం దగ్గర తడిచెత్తకు గ్యాస్ ప్లాంటు పెట్టింది, దగ్గరే కదా, అనుమతి తీసుకుని వెళ్లి చూడండి. మామిడితో చిక్కు ఏమిటంటే సీజన్ రెండు, మూడు నెలలే. మిగతా తొమ్మిది నెలలు ట్యాంకుకు ఏం పెడతారు? పేడ, మార్కెట్ చెత్త, హోటళ్ల తడిచెత్త ముందే మాట్లాడుకోకుండా ట్యాంకు కట్టారంటే ఆగస్టు తర్వాత అది ఖాళీ తొట్టే.

అడవి గురించి అడిగినదానికి చాలా గట్టిగా చెప్పాలి. ఆ వైపు చూడకండి. శేషాచలం 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వు. శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు అందులోనే ఉంది. జాతీయ పార్కుల్లో, అభయారణ్యాల్లో ఎండిన చెట్లు, గాలికి పడ్డ చెట్లు, గడ్డి సైతం తీయకూడదని సుప్రీంకోర్టు 2000 ఫిబ్రవరి 14న ఉత్తర్వు ఇచ్చింది. 2014 మార్చిలో తిరుమల కొండల్లో మంటలు లేచి వైమానిక దళం హెలికాప్టర్లు రావాల్సి వచ్చినప్పుడు, ఎండుటాకు ఎత్తేస్తే ఈ బాధ ఉండదు కదా అని చాలామంది అన్నారు. ఉత్తరాఖండ్‌లో పైన్ ఆకులు ఏరించి కరెంటు తీసే విధానం ఉంది, నిజమే. అక్కడి పైన్ అడవి వేరు, ఇక్కడి ఎర్రచందనం అడవి వేరు. ఇక్కడ కొండ వైపు నుంచి కట్టె లోడుతో వచ్చే ఏ బండినైనా చెక్‌పోస్టులో అనుమానంగానే చూస్తారు, అలా చూడటానికి వాళ్లకు కారణముంది. మీ వ్యాపారం మొదలుకాకముందే కోర్టు మెట్లెక్కే పని ఎందుకు? అస్సాంలో నుమాలిగఢ్ దగ్గర 2025 సెప్టెంబరులో వెదురు నుంచి ఇథనాల్ తీసే ప్లాంటు ప్రారంభమైంది, అది కూడా పల్లెల్లో రైతులు పెంచే వెదురు మీద ఆధారపడింది. ప్రైవేటు పట్టా భూముల్లోని సర్కారు తుమ్మ, సరుగుడు లాంటివాటి రవాణాకు నిబంధనలు తేలిక. అయినా అటవీ రేంజి ఆఫీసులో అడిగి, కాగితం చేతిలో పెట్టుకునే లోడు కదిలించండి. మామిడి చెట్టు కొట్టాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి సంగతి కూడా కనుక్కోండి.

ఇక నేపియర్. కంప్రెస్డ్ బయోగ్యాస్‌కు (శుద్ధిచేసి ఒత్తిడితో నింపే బయోగ్యాస్‌కు) నేపియర్ గడ్డి పనికొస్తుంది, అబద్ధం లేదు. రిలయన్స్ మన రాష్ట్రంలో 500 ప్లాంట్లు పెడతామని 2024లో ఒప్పందం చేసుకుంది, మొదటిదానికి 2025 ఏప్రిల్‌లో ప్రకాశం జిల్లా కనిగిరి ప్రాంతంలోని దివాకరపల్లిలో శంకుస్థాపన జరిగింది. గ్యాస్ కంపెనీలు తమ సరఫరాలో 2025-26 నుంచి 1 శాతం, 2028-29 నాటికి 5 శాతం బయోగ్యాస్ కలపాలని కేంద్రం నిబంధన పెట్టింది, కాబట్టి గిరాకీ పెరుగుతుంది. కానీ మీ ఊరికి వచ్చినవాళ్లను మూడు మాటలు అడగండి. ప్లాంటు ఎక్కడ, కట్టడం ఎంతవరకు వచ్చింది? ధర పచ్చిగడ్డి బరువుకా, ఎండు బరువుకా? కొనకపోతే ఎవరు పరిహారం ఇస్తారు, ఏ కాగితం మీద? ముందు పిలకలు కొనండి, డిపాజిట్ కట్టండి అన్నారంటే వాళ్ల వ్యాపారం గ్యాస్ కాదు, పిలకలే. నేపియర్‌కు నీళ్లు కావాలి. మన బోర్లు ఎంత లోతుకు పోయాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. పచ్చిగడ్డిలో ముప్పాతిక వంతు నీళ్లే కాబట్టి పాతిక, ముప్పై కిలోమీటర్లు దాటితే ట్రాక్టర్ కిరాయి లాభాన్ని మింగేస్తుంది. ఎకరం వేసి చూడాలనుకుంటే వేయండి, గ్యాస్ వాళ్లు రాకపోయినా ఆవులు తింటాయి.

ఆ చివరి మాట ఎందుకన్నానంటే, జట్రోఫాకు ఆ అదృష్టం కూడా లేదు. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ అడవి ఆముదాన్ని ముందుకు తెచ్చింది, 2011-12 నాటికి డీజిల్‌లో 20 శాతం కలిపేస్తామన్నారు. బీళ్లలో, నీళ్లు లేకుండా, ఎరువు లేకుండా పండుతుందన్నారు. మొక్క బతికింది, కాయే కాయలేదు. మంచి వంగడం లేకుండానే లక్షల ఎకరాల మాట మాట్లాడారు. పిండి విషం, పశువుకు పెట్టడానికి లేదు. మన వైపు నాటిన వాళ్లు తర్వాత దున్నేశారు. దానికంటే కానుగ నయం. నీడ, పచ్చిరొట్ట, పిండి ఎరువు, ఏదో ఒకటి చేతికొస్తుంది.

మరి ఏం చేయాలి? ముందు ఒక ఏడాది సరుకు లెక్క రాయండి. మీ ఊరి చుట్టూ పాతిక కిలోమీటర్లలో ఏ నెలలో, ఏ మిల్లు దగ్గర, ఎన్ని టన్నులు, ఇప్పుడు ఎవరు ఎంతకు కొంటున్నారు. ఇంత అవసరమా అనిపిస్తుంది, కానీ ఇది లేకుండా బ్యాంకు మేనేజర్ ముందు కూర్చోలేరు. ఖరీఫ్ కాయ ఒలిచి పొట్టు వచ్చే రోజుల్లోనే మనకు ఈశాన్య రుతుపవనాల వానలు. 2021 నవంబరు వరదలు గుర్తున్నాయి కదా. కాబట్టి బ్రికెట్ మెషిన్ కంటే ముందు, కింద సిమెంటు నేల, పైన రేకుల షెడ్డు. మొదటి సీజన్ కొమ్మల్ని ముక్కలు చేసే ఒక చిప్పర్, ఒక జల్లెడ, తేమ మీటరు, షెడ్డు, వీటితోనే నడపండి. ఒక్క ఫ్యాక్టరీతో ఒప్పందం చేసుకోండి. ధర బరువుకు కాకుండా తేమను బట్టి ఉండేలా రాయించండి. 12 శాతం తేమకు ఒక రేటు, అంతకుమించి ప్రతి శాతానికి కోత. ఇది మీకు నష్టంలా కనబడుతుంది కానీ నీళ్లు కొట్టి అమ్మేవాళ్లను పక్కకు నెట్టేది ఈ షరతే. బ్రికెట్ మెషిన్ రెండో ఏడాది సంగతి. డై, స్క్రూ అరిగే ఖర్చు, కరెంటు బిల్లు చూసి చాలామంది మూతేశారు. కాబట్టి నడుస్తున్న యూనిట్లో నెల రోజులు ఊరికే పనిచేసి రండి. థర్మల్ కేంద్రాలు బొగ్గులో బయోమాస్ గుళికలు కలపాలన్న నిబంధన ఉంది కాబట్టి పెద్ద గిరాకీ కూడా ఉంది, కానీ అక్కడికి మీరు ఇప్పుడే పోవద్దు, బిల్లు వచ్చేదాకా తట్టుకునేంత పెట్టుబడి మీ దగ్గర ఉండదు.

సబ్సిడీ విషయంలో మీకు వర్తించేది జీ-వన్ కాదు, కేంద్ర నవీన, పునరుత్పాదక ఇంధన శాఖ వారి జాతీయ బయోఎనర్జీ కార్యక్రమం. బ్రికెట్, పెల్లెట్ యూనిట్లకు, బయోగ్యాస్‌కు అందులో సాయం ఉంది. రేట్లు మధ్యలో మార్చారు, అందుకే అంకె ఇక్కడ రాయడం లేదు, శాఖ పోర్టల్‌లో తాజా మార్గదర్శకాలు చదవండి. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. ఈ సాయం యూనిట్ నడిచి చూపించాక చేతికొస్తుంది. అది రాకపోయినా నడిచేలా లెక్క వేసుకోండి.

ఎంటెక్ గురించి. మీలో చదువు మీద మనసున్నవాడు వెళ్లాలి, తప్పకుండా వెళ్లాలి. ఏర్పేడులో ఐఐటీ, ఐసర్ ఉన్నాయి, తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ, వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉన్నాయి. పంజాబ్‌లోని కపుర్తలాలో బయోఎనర్జీకే ఒక జాతీయ సంస్థ ఉంది. కానీ వందమంది చేస్తున్న ఎంజైము పని కంటే ఇక్కడి సమస్య పట్టుకెళితే గైడ్ కూడా సంతోషిస్తాడు. ఉదాహరణకు మామిడి టెంక. పైచిప్ప కట్టెలా మండుతుంది. లోపలి జీడిలో పిండిపదార్థం, కొవ్వు ఉంటాయి. ఆ కొవ్వును చాక్లెట్లలో, సబ్బుల్లో వాడతారు. జీడిని వేరుచేసి అమ్మితే చిప్ప ఇంధనం దాదాపు ఉచితంగా వచ్చినట్టే. చిక్కల్లా టెంక తడిగా, జారుగా, పీచుతో ఉంటుంది, ఒక్కోటి ఒక్కో సైజు. రెండు రోజుల్లో లోపల బూజు పడుతుంది. చిన్న యూనిట్‌కు అందుబాటు ధరలో, సీజన్ వేగంతో టెంకను ఆరబెట్టి, జీడి నలగకుండా చిప్ప పగలగొట్టే యంత్రం మన వైపు ఫ్యాక్టరీల్లో నాకైతే ఎక్కడా సరిగ్గా నడుస్తూ కనబడలేదు. మీ ముగ్గురిలో మెకానికల్ చదివినవాళ్లుంటే డ్రాయింగు వేసి ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను. ప్రయోగానికి టెంకలు కావాలంటే మే నెలాఖరుకే అడగండి, తెలిసిన ఫ్యాక్టరీలో మాట్లాడి ట్రాక్టర్ లోడు ఇప్పిస్తాను, కిరాయి మాత్రం మీదే.